గ్లాసెడు బాన నీళ్ళు

కమగ్వే,
అక్టోబరు పధ్నాలుగు, మంగళవారం.

పురపాలక గృహ వ్యవహారాల కార్యాలయంలో ఇళ్ళ క్రయవిక్రయాల నమోదు అధికారి శ్రీ ఎలిజియో బర్రేరా గారి సముఖమునకు, విశ్రాంత భాషోపాధ్యాయిని ఒబ్దూలియా కెసాదా సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇల్లు అమ్మిపెట్టు ఏజెంట్ల వలన అర్జీదారు పడిన ఇబ్బందులు, అర్జీదారు వలన వేరొకరు పడబోవు ఇబ్బంది, ఆ రెండవదానిని ఈ శుక్రవారం లోపల ఆపవలసిన అవసరం గురించి.

మొట్టమొదట తమ మాట ఒకటి సరిదిద్దవలసి ఉంది. క్రిందటి గురువారం రెండున్నర గంటలు క్యూలో నిలబడి నేను తమ కౌంటరు ముందుకు వచ్చాను. నోరు విప్పేలోగానే తమరు చెయ్యి అడ్డం పెట్టి, "నాకు తెలుసులే అమ్మమ్మా, మీరేం చెప్పక్కర్లేదు. ఏజెంటు చేతిలో మోసపోయారు, అంతేగా? ముసలివాళ్ళు దొరికితే వీళ్ళకి పండగే. ఓ అర్జీ రాసి పడెయ్యండి, వాడి లైసెన్సు సంగతి నే చూస్తా" అన్నారు. నా వెనక నిలబడ్డ పదిమందీ ఒక్కసారిగా "అయ్యో పాపం" అన్నారు.

తమరు చెప్పినదానిలో 'ముసలి' అన్న మాట ఒక్కటే నిజం. నేను తమ అమ్మమ్మను కాను. నాకు ఉన్న మనవలు ఇద్దరు, వాళ్ళే ఎక్కువ. రెండోది, నేను మోసపోలేదు. మోసం జరిగింది, అది నిజం. చేసినవాళ్ళలో నేనొకతెను.

ఆ సంగతి చెప్పడానికే వచ్చాను గురువారం. కానీ ఆ పదిమంది జాలి చల్లగా తగిలింది. ఒకావిడ లేచి తన కుర్చీ ఇచ్చింది. కూర్చున్నాను. కాసేపు కూర్చుని, కళ్ళద్దాలు తుడుచుకుని, "అవును నాయనా, రాసి తెస్తాను" అని ఇంటికి వచ్చేశాను. ఆ కుర్చీ నాది కాదు. అది కూడా ఈ అర్జీలో చేర్చుకోవలసిందిగా మనవి.

ఫిర్యాదులన్నాక అంకెలు వేయడం మర్యాద కనుక వేస్తున్నాను.

1. మొదటి ఏజెంటు రిగోబెర్తో అనే ఆయన. పార్కులో చెట్టు బోదెకు అట్టలు కట్టి, వాటి మీద ఇళ్ళ వివరాలు రాసి, ఆ నీడలోనే మడత కుర్చీ వేసుకుని కూర్చునే రకం. నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంట్లో గదికీ గదికీ మధ్య మెట్లు ఉన్నాయి, మొత్తం ఏడు. ఫ్లోరిదాలో ఉన్న మా చెల్లెలి దగ్గరకు పోదామనుకున్నాను. (మన జిల్లాలోని చక్కెర మిల్లు ఊరు ఫ్లోరిదా. సముద్రం అవతల, పరదేశంలో ఉన్న ఆ రెండో ఫ్లోరిదా అనుకుని వీధిలో సగం మంది నాకు ఉత్తరాలూ మందుల చీటీలూ తెచ్చి ఇచ్చారు. తిరిగి ఇచ్చేసరికి నా మీద వాళ్ళకున్న గౌరవం కొంత తగ్గింది.)

రిగోబెర్తో వచ్చి ఇంటిని చూడలేదు, పైకప్పునే చూశాడు. "టీచరమ్మా, ఎత్తు భలేగా ఉంది. నడుమ అటక వేస్తే ఒక ఇల్లు రెండవుద్ది" అన్నాడు. తర్వాత అట్ట మీద మూడు వరుసల ప్రకటన రాశాడు. మూడు వరుసల్లో నాలుగు అక్షరదోషాలు. ఇల్లు అన్న మాటే తప్పు రాశాడు. ఇల్లు అమ్మేవాడికి ఆ మాట రాయడం రాకపోతే ఎలాగ? ఎర్ర పెన్సిలు తీసి దిద్ది ఇచ్చాను. అప్పుడు ఆయన ఓపిగ్గా తన భాష నాకు నేర్పాడు. 'వెంటనే కాపురం పెట్టవచ్చు' అంటే పైకప్పు ఇంకా పడలేదని. 'స్వల్ప మరమ్మతులు' అంటే పడిందని. 'ప్రశాంతమైన వీధి' అంటే బస్సు రాదని. నాకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే నేర్చుకున్నాను. ఈ వృత్తిలో నేను చేరింది ఆ రోజే అని ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన మూడు నెలల్లో ఒక్కరినీ తీసుకురాకుండా ఏజెంటు పని మానేసి పిజ్జా బండి పెట్టుకున్నాడు. పిజ్జా బాగానే ఉంటుంది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

2. రెండో ఏజెంటు దోరా ఎల్సా. ఈమె నిజం కొనుగోలుదారును తొందరపెట్టడానికి అబద్ధపు కొనుగోలుదారును వెంట తెచ్చేది. ఒకే మనిషి, మూడు టోపీలు. మొదటిసారి డాక్టరు భార్య, రెండోసారి ఓల్గీన్ నుంచి వచ్చిన విధవ. మూడోసారి ఎవరో చెప్పేలోపే నేను, "రామ్మా, కూర్చో, ఈపూట ఎవరివి?" అన్నాను. పాపం చెప్పుల్లోంచి కాళ్ళు బయటకు తీసి, "ఏం చెప్పమంటారు టీచరమ్మా, పొద్దుటినుంచీ ఇది నాలుగో ఇల్లు. ఒక్కచోట కూడా కాఫీ ఇవ్వలేదు" అంది. ఇచ్చాను. తియ్యటి జామపండు ముద్ద కూడా పెట్టాను. దోరా ఎల్సాతో మాత్రం మళ్ళీ రావద్దన్నాను. ఎందుకన్నానంటే, నేను అబద్ధం సహించనట!

దయచేసి ఆ వాక్యం గుర్తుంచుకోండి. నాకు గుర్తుంది.

3. మూడో ఏజెంటు ఎవేలియో. తమ కార్యాలయం ముద్ర వేసిన లైసెన్సు ఉన్నవాడు. మెడలో వేలాడదీసుకుని తిరుగుతాడు. పూర్వం చక్కెర మిల్లులో కొలతలు తీసే ఉద్యోగం. మాట మెత్తన, చొక్కా ఇస్త్రీ. సైకిల్ రిక్షాలో ఒక పెద్ద ఫెర్న్ కుండీ, ఒక సముద్రం బొమ్మ, ఒక తెల్ల కర్టెను వేసుకుని వస్తాడు. ఏ ఇల్లు చూపించినా అవే సామాన్లు. ఈ ఊళ్ళో అమ్ముడుపోయిన ఇళ్ళన్నిటిలోనూ ఆ ఫెర్న్ మొక్క ఒక పూట కాపురం చేసి ఉంటుంది.

అతను కాగితం తీసి వరుసగా అడిగాడు. గదులు, కిటికీలు, విద్యుత్తు. చివరికి "నీళ్ళు?" అన్నాడు.

"ఐదు రోజులకోసారి. గంటన్నర. మోటారు పెట్టి లాగకపోతే అదీ కుళాయి దాకా రాదు."

"బాన?"

మా పెరట్లో బాన ఉంది. మా ముత్తవ్వ నాటిది, అడుగున జానెడు మేర భూమిలో పాతి ఉంటుంది, లోపల మనిషి నిలబడవచ్చు. ఇంటి పైకప్పు మీద పడ్డ వాన చినుకు ప్రతిదీ దానిలోకే. "ఆరేళ్ళ క్రిందటి తుఫానుకి కొబ్బరి మట్ట పడి బీట వారింది. జానెడు కంటే నిలవదు" అన్నాను.

ఎవేలియో కలం మూత పెట్టేసి నావైపు జాలిగా చూశాడు. "అమ్మమ్మగారూ, నా బంగారం, నిజం చెప్పడం మీ గుణం. ఇంటి గుణాల్లో దాన్ని రాయలేం కదా? 'ప్రతిరోజూ నీళ్ళు కలవు' అని వేసేస్తా."

"వీల్లేదు. అది అబద్ధం. ముప్పై ఏడేళ్ళు పిల్లలకు భాష చెప్పినదాన్ని, నా ఇంటి మీద అబద్ధం రాయనివ్వను" అన్నాను.

ఇక్కడితో ఆపి ఉంటే ఈ రోజు ఈ అర్జీ ఉండేది కాదు. కానీ అతను ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. నాకు మోకాళ్ళు నొప్పి. ఏడు మెట్లు. తొమ్మిది నెలలుగా ఎవరో ఒకరు వచ్చి నా పడకగది గోడలు కొట్టి చూసిపోవడం. ఎర్ర పెన్సిలు చేతికి అందుబాటులోనే ఉంది. తీసి, 'ప్రతిరోజూ' అన్న మాట ఒక్కటే కొట్టేశాను.

'నీళ్ళు కలవు.'

"ఇప్పుడు సరిగ్గా ఉంది. కలవు అన్న మాటకు కాలం లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఉంటే చాలు, అది అబద్ధం కాదు" అన్నాను. పాఠం చెప్పినట్టే చెప్పాను, వేలు కూడా ఎత్తాను.

ఎవేలియో కలం మూత మళ్ళీ తీశాడు. "మీరు ఇన్నేళ్ళు బళ్ళో ఏం చేశారండీ? మా దగ్గరకు రావలసింది" అన్నాడు.

నాకు గర్వం వేసింది. అయ్యా, తమరు ఎన్నో ఫిర్యాదులు చదివి ఉంటారు. ఇంత సిగ్గుమాలిన వాక్యం వాటిలో ఉండదు. ఆ పొగడ్తకు నాకు గర్వం వేసింది. ఆ పూట కొంచెం ఎక్కువ పంచదార వేసి కాఫీ తాగాను.

ఇల్లు చూడడానికి వచ్చింది యమిలెట్. ముప్పై ఏళ్ళ క్రిందట ఈ ఊరి తల్లులందరికీ ఒకేసారి ఆ అక్షరం ఎందుకు ముద్దొచ్చిందో తెలియదు, హాజరు పట్టీలో సగం పేర్లు 'య'తోనే. యమిలెట్ ఆరో తరగతిలో నా దగ్గర చదివింది. సెలవుల మీద వ్యాసం రాయమంటే సముద్రం దగ్గరకు వెళ్ళామని రెండు పేజీలు రాసింది, కెరటాలు, గవ్వలు, అన్నీ పెట్టి. ఆ వేసవి అంతా ఆ పిల్ల తట్టు పోసి మంచంలో ఉందని నాకు తెలుసు. 'చూడనిదానిని చూసినట్టు రాయను' అని యాభైసార్లు రాయించాను. యాభయ్యో వాక్యం కూడా మొదటిదానంత గుండ్రంగా రాసి తెచ్చింది.

ఇప్పుడు అందరి జుట్టూ కత్తిరించి, రంగు వేసి బతుకుతోంది. ఆసుపత్రి వెనక మూడో అంతస్తులో ఒక గది ఇల్లు. అక్కడ నీళ్ళు రోజూ వస్తాయి. కానీ మూడు అంతస్తులు ఎక్కి వచ్చి రంగు వేయించుకునే ఓపిక ఉన్న ఆడవాళ్ళకు జుట్టు ఇంకా నెరవలేదు. అందుకని నేల మీద ఇల్లు కావాలి. ముందు గదిలో పార్లరు, వెనక కాపురం, తల్లిని తెచ్చి పెట్టుకోవాలని. ఇవన్నీ ఆమె నాకు గుమ్మంలోనే చెప్పేసింది, నేను అడగలేదు.

ఆమె రావడానికి రెండు గంటల ముందు ఎవేలియో బాన బీటకు లోపలినుంచి సిమెంటు మెత్తాడు. బయట కనబడే చోట ఫెర్న్ కుండీ పెట్టాడు. వాళ్ళ పినతండ్రి కొడుకు నీళ్ళ ట్యాంకరు తెచ్చి గొట్టం వేసి బానను అంచుల దాకా నింపాడు. పక్కింటి నెరెయిదా దగ్గర వీధి గొట్టంలోంచి సూటిగా నీళ్ళు లాగే మోటారు ఉంది. దాన్ని మేమంతా 'దొంగ' అనే అంటాం. ఎవేలియో ఆమెను అడిగి ఒక గంటకు అది తెచ్చి ఆ ట్యాంకరు నీళ్ళకే బిగించాడు, కుళాయి తిప్పితే ధార పడేలాగ. నెరెయిదా గోడ మీదనుంచి తల పెట్టి చూస్తోంది.

"ఏం ఒబ్దూలియా, ఏనాడూ దొంగని ఇంట్లోకి రానివ్వనన్నావుగా?"

"ఇది అరువు" అన్నాను.

"ఆహా. అరువు దొంగ! అది వేరే" అని తల దించేసింది.

యమిలెట్ ఇల్లంతా తిరిగింది. కుళాయి తిప్పి చూసింది, నురగలు కక్కుతూ పడింది ధార. ఎవేలియో సముద్రం బొమ్మ గురించి మాట్లాడుతుంటే ఆ పిల్ల అతన్ని పట్టించుకోకుండా నావైపు తిరిగి, "టీచర్, ఏజెంటు సంగతి వదిలెయ్యండి, వాళ్ళు వంద చెప్తారు. మీరు చెప్పండి. నీళ్ళు ఎన్ని రోజులకి వస్తాయి?" అంది.

ఇంత సూటి ప్రశ్నకు రెండే జవాబులు ఉంటాయి. నేను మూడోది కనిపెట్టాను. "ఈ ఇంట్లో నీళ్ళు చూడని రోజు నాకు గుర్తు లేదమ్మా" అన్నాను. వ్యాకరణం ప్రకారం అది నిజమే. బకెట్టు అడుగున ఉన్నా నీళ్ళు నీళ్ళే కదా.

"మీరంటే చాలు టీచర్. సముద్రం చూశానన్నందుకు యాభైసార్లు రాయించారు నాతో!" అని పకపకా నవ్వింది.

ఎవేలియో నా మోచేతి దగ్గరకు వచ్చి, "అమ్మమ్మగారూ, పిల్లకు దాహమేస్తోందేమో" అన్నాడు మెల్లగా.

తమరూ ఈ ఊరివారే కనుక దీని అర్థం తమకు వేరే చెప్పనక్కర్లేదు. బాన నీళ్ళు ఇంటివాళ్ళ చేత్తో పుచ్చుకున్న మనిషి ఊరు విడిచి పోదని అందరూ నవ్వుతూ అంటారు. నవ్వకుండా అనేది ఇంకొకటి ఉంది. బాన నీళ్ళు చేత్తో ఇచ్చామంటే మాట ఇచ్చినట్టే. నోటరీ ముందు సంతకం పెట్టకముందే మా ముత్తవ్వ ఆ నీళ్ళే ఇచ్చిందట, ఆ ఇంటి పక్క స్థలం అమ్మినప్పుడు. ఎవేలియో ఇవ్వలేడు, అది అతని బాన కాదు. నెరెయిదా ఇవ్వడానికి వీల్లేదు. ఈ ఇంట్లో ఆ గ్లాసు ఇవ్వగల చెయ్యి నాదొక్కటే.

గాజు గ్లాసు కడిగి, బానలో ముంచి, అడుగు తుడిచి ఇచ్చాను. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. మొత్తం ఒలికి ఉంటే బాగుండును. ఆ పిల్ల గటగటా తాగి, "అబ్బ, చల్లగా ఉన్నాయి టీచర్" అంది. ట్యాంకరు నీళ్ళు. ఎక్కడివో దేవుడికి తెలియాలి.

ఆమె వెళ్ళిన గంటకు బాన చెమర్చడం మొదలుపెట్టింది. నేను పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తడి ఒక్కో ఇటుకా దాటుకుంటూ వచ్చి నా చెప్పులు తడిసేదాకా కాళ్ళు పైకి తీయలేదు. సాయంత్రం అయ్యేసరికి బానలో మిగిలింది జానెడే. మరుసటివారం నోటరీ దగ్గర సంతకాలు అయిపోయాయి. 'నీళ్ళు కలవు' అన్న వాక్యం దస్తావేజులో కూడా ఎక్కింది. అక్షరదోషం లేదు.

4. నాలుగో ఫిర్యాదు ఏజెంటు మీద కాదు. ఆ రోజు ఏజెంటు ఎవరూ ఇంట్లో లేరు.

క్రిందటి బుధవారం యమిలెట్ టేపు, సుద్దముక్క పట్టుకుని వచ్చింది. తలలు కడిగే తొట్లు రెండు ఎక్కడ బిగించాలో ముందు గది గోడ మీద కొలిచి గుండ్రాలు గీసుకుంది. మొదటి గుండ్రంలో 'అమ్మ' అని రాసింది, తొలి తల తల్లిదేనట. సుద్ద చేతులు కడుక్కోబోయి కుళాయి తిప్పింది. అది దగ్గినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంది. వాళ్ళ మూడో అంతస్తులో అలా ఎన్నడూ జరగదు కనుక ఆ పిల్ల కాసేపు దాన్నే చూసింది. తర్వాత నాకు సాయం చేస్తున్నట్టుగా, "వీధిలో ఏదో మరమ్మతు అనుకుంటా, కదా టీచర్?" అంది.

నా పక్కన ఎవేలియో లేడు, ఫెర్న్ లేదు, దొంగ మోటారు లేదు. ఇంటి సంతకాలు అయిపోయాయి, నాకు వచ్చేదీ పోయేదీ ఏమీ లేదు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఒక మనిషికి దొరకదు.

"అయ్యుంటుందమ్మా" అన్నాను.

ఆ పిల్ల సుద్ద చేతుల్ని గౌనుకు తుడుచుకుని, నా బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళిపోయింది. తెల్లటి నాలుగు వేళ్ళ గుర్తు నా భుజం మీద ఉండిపోయింది. ఆ జాకెట్టు ఇంకా ఉతకలేదు. నీళ్ళు లేక అని తమరు అనుకోవచ్చు. మర్నాడు గురువారం. తమ కౌంటరుకు ఎందుకు వచ్చానో, ఎందుకు నోరు మూసుకుని వెళ్ళానో పైన మనవి చేసుకున్నాను.

5. ఇది ఫిర్యాదు కాదు. ప్రకటన. మొదట్లోనే ఇలా రాసి చెట్టుకు కట్టవలసింది. దస్తావేజుకు జతపరచవలసిందిగా ప్రార్థన.

'ఇల్లు అమ్మబడును. నాలుగు గదులు, ఏడు మెట్లు, మోకాళ్ళు ఉన్నవారికి అనుకూలం. నీళ్ళు ఐదు రోజులకోసారి వచ్చును, గంటన్నర, తెల్లవారకముందు. వచ్చినప్పుడు ఇంట్లోవారందరూ లేచి గిన్నెలతో సహా నింపుకొనవలెను. మోటారు లేనిదే కుళాయిలోకి ఎక్కవు. బాన పగిలినది, జానెడు నిలుచును, దానిలోనూ దోమలు పెరుగును, మందు కొట్టేవాళ్ళు వచ్చి తిట్టుదురు. ఈ ఇంట్లో రోజుకు ఇద్దరి తలలు కడగడం కష్టం, పార్లరు పెట్టడం అసాధ్యం. మధ్యాహ్నం మూడింటికి పెరట్లోకి వచ్చే గాలి మాత్రం చాలా బాగుండును. ఇంటి యజమానురాలి మాట నమ్మదగినది కాదు.'

ఇప్పుడు ప్రార్థన.

యమిలెట్ అమ్మిన ఒక గది ఇంట్లోకి కొత్తవాళ్ళు శనివారం దిగుతారు. తమ పుస్తకంలో నా ఇల్లు ఆమె పేరున, ఆమె ఇల్లు వాళ్ళ పేరున శుక్రవారమే ఎక్కుతాయి. శుక్రవారం దాటితే ఆ పిల్లకు వెనక్కి పోవడానికి ఇల్లు ఉండదు, ముందుకు పోవడానికి నీళ్ళు ఉండవు. కనుక నా ఇంటి నమోదు ఆపవలసిందిగా కోరుతున్నాను. రద్దు చేయమని నేను కోరడం లేదు. ఆమె తరపున నిర్ణయాలు నేను ఇప్పటికే ఒకటి ఎక్కువ చేశాను. నిజం అంతా తెలిసాక కూడా ఆ ఇల్లే కావాలంటే ఆమె చెప్పిన షరతులకు సంతకం పెడతాను. వద్దంటే వద్దన్న కాగితం మీద పెడతాను. ఫ్లోరిదా ఎక్కడికీ పోదు. మా చెల్లెలికి కబురు పంపాను. "ఇన్నాళ్ళకు నిజం చెప్తున్నావా? అయితే మంచం ఇంకా వేయను" అని తిరుగు కబురు వచ్చింది.

ఎవేలియో సంగతి నియమాల ప్రకారం తమరు ఏం చేస్తారో చేయండి. కానీ నివేదికలో నా పేరు ముందు రాయండి, అతనిది తర్వాత. అతను రోజూ చెప్పే అబద్ధాలే చెప్పాడు, అతన్ని ఎవరూ నమ్మరు. ఆ పిల్లా నమ్మలేదు. అతని దగ్గర లేనిది ఒకటే, నమ్మకం. అది నేను అరువిచ్చాను. ముప్పై ఏడేళ్ళు ఊరందరి పిల్లలతో యాభైసార్లు, వందసార్లు రాయించి కూడబెట్టినది, ఒక్క గ్లాసులో పోసి ఇచ్చేశాను.

తమరి నుంచి క్షమాపణ ఆశించడం లేదు, ఇవ్వవలసినవారు తమరు కారు. చిత్తగించవలెనని కోరడానికి కూడా నోరు రావడం లేదు. చదివితే చాలును.

తమ విధేయురాలు అని రాయడం ఆనవాయితీ. విధేయత సంగతి అలా ఉంచి, ఉన్నది ఉన్నట్టు,

ఒబ్దూలియా కెసాదా.

తాజా కలం: పైన సంతకం పెట్టేసరికి తలుపు చప్పుడైంది. యమిలెట్. రేపు తమ కార్యాలయంలో తన గుర్తింపు కాగితాల నకళ్ళు ఇవ్వాలట. "టీచర్, మీ కాగితాలేమన్నా ఉన్నాయా? ఎలాగూ క్యూలో చావాలిగా, మీవీ పట్టుకెళ్తా. ఆ మోకాళ్ళతో మీరెందుకు?" అంది.

ఇది ఆమెకే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు. జిగురు లేక కాదు. "క్యూలో ఊరికే నిలబడకుండా చదువు, తప్పులుంటే దిద్దు" అని పెన్సిలు కూడా ఇచ్చాను. ముఖం చూసి చెప్పవలసిన మాట ఇది. చెప్పలేక పంపుతున్నాను, ఆరో అంకె వేసి ఇదీ చేర్చుకోండి. తమ క్యూ రెండున్నర గంటలు. ఆ పిల్ల చదవడంలో ఎప్పుడూ చురుకే. కనుక ఈ కాగితం తమ చేతిలో ఉందంటే, ఆమె అంతా చదివి, అయినా చింపకుండా తమకు ఇచ్చిందన్నమాట. ఎందుకు ఇచ్చిందో నాకు తెలియదు. తమరు కౌంటరు మీదనుంచి తల ఎత్తితే ఆమె ఎదురుగానే ఉంటుంది.

అయ్యా, నాకోసం ఒక చిన్న పని చేసిపెట్టండి. తమ కార్యాలయం రెండో అంతస్తులో, మెట్ల పక్కన, నీలం మూత ఉన్న మంచినీళ్ళ డబ్బా ఉంది, గురువారం చూశాను. దాని పక్కన గొలుసుతో కట్టిన రేకు గ్లాసు ఉంది, అది వద్దు. తమ బల్ల మీద కలాలు పెట్టుకునే గాజు గ్లాసు ఉంది. ఆ కలాలు తీసి, శుభ్రంగా కడిగించి, ముప్పావు దాకా నీళ్ళు పట్టించి, అడుగు తుడిచి ఆమెకు ఇవ్వండి. నేను ఇవ్వకూడదు.

ఆమె తాగడం అయ్యాక, తొందరపెట్టకుండా, ఒబ్దూలియా టీచరు ఎదురుగా పార్కులో మూడో బెంచీ మీద ఇంటి తాళాలు పట్టుకుని కూర్చుని ఉందని చెప్పండి.